కంపు ఎవరి గడపకొచ్చింది?

వాడ మాట – 23

“సమ్మె చేసుకోండి, కాదనం. మధ్యలో చుట్టుపక్కల జనాన్ని ఎందుకు ఏడిపిస్తారు?”

మునిసిపల్ కార్మికులు చీపురు కింద పెట్టిన ప్రతిసారీ ఈ ప్రశ్న లేస్తుంది. 2023 డిసెంబర్ 26న ఆంధ్రప్రదేశ్‌లో సమ్మె మొదలైనప్పుడూ లేచింది. కొత్త సంవత్సరం వచ్చింది, సంక్రాంతి దగ్గరపడింది, వీధి మలుపుల్లో చెత్త గుట్టలయింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల నిండా ఫోటోలు. దోమలు, కుక్కలు, పిల్లల జ్వరాలు. “చెత్తపన్ను కడుతున్నాం కదా” అని కోపం.

పన్ను కట్టింది ఎవరికి? ప్రభుత్వానికి. కోపం మాత్రం కార్మికురాలి మీద! అంతకు మూడు వారాల ముందే మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ బురదని, విరిగిపడ్డ కొమ్మల్ని వీధుల్లోంచి ఎత్తింది ఈ చేతులే. అప్పుడు ఏ గ్రూపులోనూ వాళ్ల ఫోటో నాకు కనబడలేదు.

సరే, చుట్టుపక్కల జనం అంటున్నారు కదా. ఎవరా జనం? మీ బాధ మీరే చెప్పుకున్నారు. మీరు లెక్కలో వేసుకోని ఇంకో ఇద్దరి గురించి నేను చెప్తాను.

ఒకరు, డంపింగ్ యార్డు పక్కన బతికేవాళ్లు.

మీ గేటు ముందు ఎత్తిన చెత్త మాయమైపోదు సారూ. ఒక ఊరికి వెళ్తుంది. ఆ ఊరికో పేరుంటుంది. విశాఖ చెత్తకి కాపులుప్పాడ. హైదరాబాద్ చెత్తకి జవహర్‌నగర్, మూడు వందల ఎకరాల పైమాట. ఆ గుట్టల నుంచి కారిన నల్లనీళ్లు పక్కనున్న మల్కారం చెరువుని పాడుచేశాయి. దమ్మాయిగూడ వైపు జనం కంపు భరించలేక రోడ్డెక్కారు, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. పాత గుట్టల మీద మట్టి కప్పారు. కొత్త చెత్త రోజూ వస్తూనే ఉంది.

మీకు సమ్మె రోజుల్లో వచ్చే కంపు, వాళ్లకి సమ్మె లేని రోజుల్లో వచ్చే కంపు. మీకు పది పదిహేను రోజులు. వాళ్లకి ఏళ్ల తరబడి. సమ్మె ఆ కంపుని పుట్టించలేదు. సొంతదారు గడప దగ్గరే వదిలిపెట్టింది, అంతే.

రెండోవాళ్లు, పక్క పేటవాళ్లు. అసలు గాయం ఇక్కడుంది.

సమ్మె మొదలైన కొద్దిరోజులకే అధికారులు ప్రైవేటు మనుషుల్ని దింపుతారు. తెల్లారకముందే పోలీసు కాపలాతో ట్రాక్టర్లు కదులుతాయి. ఆ మనుషులు ఎక్కడినుంచి వస్తారు? మేడల్లోంచా? అగ్రహారం నుంచా? మాదిగపేట సమ్మెలో ఉంటే రెల్లివీధికి కబురెళ్తుంది. రెల్లివీధి సమ్మెలో ఉంటే యానాదుల కాలనీకి వెళ్తుంది. అడ్డా మీద పని దొరక్క కూర్చున్నవాడికి మామూలు కూలి కంటే ఎక్కువ చూపిస్తారు. సమ్మె చేసేవాళ్లకి ఇవ్వడానికి లేని డబ్బు, సమ్మె విరగ్గొట్టడానికి మాత్రం ఎక్కడినుంచో ఊడిపడుతుంది.

మా అమ్మ ఒక పట్నంలో ఇరవై రెండేళ్లు వీధులు ఊడ్చింది. అక్కడొక సమ్మెలో మా బాబాయి ట్రాక్టరుకి అడ్డం పడుకున్నాడు. దానిమీద పార పట్టుకుని నిలబడ్డ కుర్రాడు మా పక్కవీధివాడే. వాళ్లక్క పెళ్లిలో మేం వడ్డించాం. లాఠీ మా బాబాయి వీపు మీద పడింది, కేసూ ఆయన మీదే పడింది. సమ్మె అయిపోయింది, ఊరు శుభ్రపడింది. ఆ రెండు వీధుల మధ్య ఇప్పటికీ పిలుపుల్లేవు. చుట్టుపక్కల జనానికి సమ్మె వల్ల ఏం జరుగుతుందని అడిగేవాళ్లు దీన్ని కూడా రాసుకోండి. దీన్ని చేసింది సమ్మె చేసినవాళ్లు కారు, ట్రాక్టరు పంపినవాళ్లు.

“మీ పేటల్లోనూ చెత్త పేరుకుంటుందిగా, నష్టం మీవాళ్లకే కదా” అంటారు కొందరు. నిజమే. మా కాలవలకి మూతలుండవు. మొదటి జ్వరం మాకే. కానీ మామూలు రోజుల్లో మా పేటకి చెత్తబండి వారానికి ఎన్నిసార్లు వస్తుందో మీరెప్పుడైనా అడిగారా? తన పిల్లాడికే ముందు జ్వరమొస్తుందని చీపురు దింపిన తల్లికి మీకంటే బాగా తెలుసు. తెలిసీ దింపిందంటే ఆమెకి ఇంకే దారీ మిగల్లేదని అర్థం.

ఆమె అడిగిందేమిటి? సమాన పనికి సమాన వేతనం. ఆప్కాస్ కింద కాకుండా పర్మినెంట్ ఉద్యోగం. 2019 ఎన్నికల ముందు ఇచ్చిన మాటే నిలబెట్టమంది. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తాత్కాలిక ఉద్యోగులకీ సమాన వేతన సూత్రం వర్తిస్తుందని తేల్చింది. ఇందులో గొంతెమ్మ కోరిక ఏముంది?

ఈ నీతిబోధ మాకు కొత్తకాదు. బ్రిటిషు కాలపు మునిసిపల్ చట్టాల్లో నోటీసు ఇవ్వకుండా పాకీపని మానేస్తే జైలుశిక్ష ఉండేది. మిగతా కూలీ పని మానితే పోయేది కూలి. మావాళ్లు మానితే నేరం! 1946లో గాంధీ గారు ‘హరిజన్’లో పాకీపనివాళ్లు సమ్మె చేయడం సరికాదన్నారు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1938లో, బొంబాయి శాసనసభలో బాబాసాహెబ్ సమ్మె హక్కుని స్వేచ్ఛతో సమానంగా నిలబెట్టారు. ఆ సంవత్సరమే కార్మికులతో కలిసి వీధిలోకి వచ్చారు. మన సమ్మెని చూసి ముక్కు మూసుకునేవాళ్లు ఈ ఇద్దరిలో ఎవరి పక్కనున్నారో తేల్చుకోవాలి. ఆ పాత చట్టం వాసన ఇంకా పోలేదు. అదే రోజుల్లో సమ్మెలో ఉన్న అంగన్‌వాడీ అక్కల మీద 2024 జనవరిలో ఎస్మా పెట్టారు.

2019లో ప్రయాగ్‌రాజ్‌లో ప్రధాని అయిదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగారు. కరోనాలో పూలదండలు వేశారు, శాలువాలు కప్పారు. మా కాళ్లు మేం కడుక్కుంటాం. జీతం సంగతి చూడండి.

కాలనీవాళ్లకి ఒక్క మాట. ఈసారి సమ్మె వస్తే ఫోటో తీసి గ్రూపులో పెట్టకండి, కమిషనర్ టేబుల్ మీద పెట్టండి. “వాళ్లడిగింది ఇచ్చి పనిలోకి పిలవండి” అని రాయండి. తడిచెత్త, పొడిచెత్త విడిగా ఉంచి నాలుగు రోజులు మీ దగ్గరే దాచుకోండి. అది మీదే కదా!

ఇక పక్క పేట తమ్ముళ్లకి. తమ్ముడూ, నీ ఇంట్లో పొయ్యి వెలగలేదని నాకు తెలుసు. నిన్ను తిట్టడానికి రాలేదు. కానీ ఆ ట్రాక్టర్ ఎక్కకు. సమ్మె విరిగిన మర్నాడు నిన్నూ దింపేస్తారు. రేపు నీ వీధి చీపురు కింద పెట్టిన రోజున, అడ్డం పడుకోవడానికి మేం రావాలి కదా.

జై భీమ్.

(వచ్చే వారం: మస్టర్ పాయింట్ దగ్గర మేస్త్రీల రాజ్యం)