అమ్మకమునకు ముందు అటుక నింపుడు

కంది పంట ఇంటి గడప త్రొక్కకమునుపే కళ్లమునుండి బండి యెక్కి బజారునకు పోవుట మన గ్రామములలో సామాన్యమైపోయినది. ఆ పండించిన రైతే శ్రావణమాసము వచ్చునప్పటికి చిల్లర అంగడి ముందు నిలిచి, కిలో పప్పు పొట్లము కట్టించుకొని, వెల ఖాతాలో వ్రాయించి ఇంటికి తెచ్చుకొనుచున్నాడు. తన గింజను తానే అరువు తెచ్చుకొనుటకంటె వింత యేమున్నది? సేద్యపు నష్టములను లెక్కించునపుడు వానలనియు, తెగుళ్లనియు, ధరలనియు చెప్పుకొందుము గాని వంటయింటి దారిని పోవు ఈ నష్టమును ఎవరును లెక్కకు తెచ్చుట లేదు.

2014-15 సంవత్సరపు కందులకు ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 4,350 రూపాయలు. అనగా కిలో 43 రూపాయల 50 పైసలు. 2015 అక్టోబరు నాటికి పెక్కు పట్టణములలో కిలో కందిపప్పు 200 రూపాయలను సమీపించినది. నూరు కిలోల కందులకు డెబ్బది కిలోలకు పైచిలుకు మాత్రమే పప్పు దిగుననుట నిజమే. మరకూలి, బండికూలి, వర్తకుని లాభము ఉండనే యున్నవి. ఇవి యన్నియు కలిపినను ఆ రెండు ధరల నడుమనున్న అగడ్త పూడదు. అట్టి సంవత్సరములు తరచుగా రావని కొందరందురు. 2017లో ధర మద్దతు ధరకు దిగువకు పడినమాటయు మేమెరుగుదుము. అయినను ధర పడిన యేట కూడ ఇంటి కొరకు దాచిన గింజవలన నష్టమేమి? అది తినుటకు దాచినదే గాని అమ్ముటకు గాదు గదా.

ఎంత దాచవలెను? అయిదుగురు గల ఇంట దినమునకు పావుకిలో పప్పు వండినచో సంవత్సరమునకు 91 కిలోలగును. అందు సగము కందియు, తక్కినది పెసర, సెనగ, మినుము, ఉలవయు అనుకొందము. ఆ సగమునకు 65 కిలోల కందులు చాలును. ఎకరము కంది వేసిన వానికి ఇది భారము కాదు. నూరు పాళ్ల కందిపప్పులో మాంసకృత్తులు 22 పాళ్లుండగా బియ్యములో ఏడెనిమిదికి మించవు. పప్పు తగ్గిన ఇంట ముందుగా తగ్గునది పిల్లల వంతును, తల్లి వంతును.

ధరయొక్కటే యైనచో మేమింత పట్టుబట్టము. నాట్ల దినములలోను, కలుపుల దినములలోను ఆడువారు చీకటిపడువేళకు చేనినుండి వచ్చి, అటుపైని పొయ్యి రాజవేయుదురు. ఇంట ఏమియు లేనిచో ఆ వేళ పిల్లవానిని అంగడికి తరుమవలెను, లేదా వట్టి కారము మెతుకులతో ప్రొద్దుపుచ్చవలెను. అటుక నిండుగా నున్న ఇల్లాలికి ఒక గడియ చాలును. ఉప్పిడిపిండి సంగతి చూడుడు. తిరుగబోత వేసి, రవ్వకు రెట్టింపుగా నీరు పోసి, ఎసరు తెర్లగానే నానిన పెసరపప్పు చారెడును, ఉప్పును, వెనుక బియ్యపు రవ్వయు పోసి మూతపెట్టి సన్నని సెగను విడిచినచో కాళ్లు కడుగుకొని వచ్చునంతలో సిద్ధమగును. అడుగున కట్టిన మాడు కొరకు పిల్లలు తగవులాడుట అందరును చూచినదే. కంది, సెనగ, పెసరపప్పులను ఎఱ్ఱగా వేయించి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు చేర్చి దంచిన కందిపొడి తడి తగులనిచో నెలల కొలది నిలుచును. వేడి యన్నములో ఆ పొడియు, చెంచాడు నువ్వులనూనెయు, ప్రక్కను నిప్పుతో పనిలేని పచ్చిపులుసును ఉన్న దినమున కూర లేదన్న మాట పుట్టదు. వేకువనే పనికి పోవువారికి రాత్రి యన్నములో నీరును మజ్జిగయు పోసి ఉంచిన చద్ది కలదు. నంజుకొనుటకు ఉల్లిపాయయో ఊరమిరపకాయయో ఉన్నచో పొయ్యి ముట్టింప పనిలేదు.

కృష్ణా, గుంటూరు మండలములలో ఎద్దులకు ఉడికించిన ఉలవల కట్టును వంచి చారు కాచుకొనుట పూర్వపు వాడుక. గింజ యెద్దునకు, కట్టు యజమానికి. ఎద్దులు తగ్గినవి, దానితో ఉలవ కుండయు పొయ్యి దిగినది. నేడా చారును పట్టణపు భోజనశాలలలో వెలపెట్టి కొని, ఆహా యని మెచ్చుకొనువారు మనవారే! రాగి సంగతియు ఇట్టిదే. బియ్యములోకంటె ఎన్నో రెట్లు సున్నపు ధాతువు గల ధాన్యమది. 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన పిదప గాని మనలో కొందరికి సంకటి గౌరవమైన భోజనముగా తోచలేదు.

దాచుట తెలియక చెడిన గింజ అమ్ముకొన్న గింజకంటె ఎక్కువ నష్టము. పప్పుపురుగు నిండుగింజ మీదనే గ్రుడ్లు పెట్టును. బద్దలైన పప్పు దానికంతగా లోబడదు. కావున విత్తనమును వేరుపరచి, తక్కిన కందులను ఎఱ్ఱమట్టి పట్టించి యెండించి వేసవిలోపల విసరించుట మేలు. తిరుగలి లేనిచో మరకైనను వేయవచ్చును. ఏ గింజయైనను పంటిక్రింద కటుక్కున విరుగువరకు ఎండవలెను. బూజు పట్టిన, రంగు మారిన వేరుసెనగ గింజలను నూనెకు పనికివచ్చునని ఉంచుకొనరాదు; ఆ బూజునందు పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషము కాలేయమును చెరచును. అంగడిలో దొరకు అల్యూమినియము ఫాస్ఫైడు మాత్రలను మనుష్యులు నిద్రించు ఇంట గింజలలో వేయుట ప్రాణములతో చెలగాటము. వేపాకు, బూడిద, కొద్దిపాటి ఆముదపు పూత మన పెద్దలు వాడినవే.

చౌకడిపో బియ్యముండగా ఈ శ్రమ యేల అని అడుగువారు కలరు. బియ్యము డిపోనుండి వచ్చును, నిజమే. పప్పు, నూనె, చింతపండు, మిరపకాయలు చాలవరకు అంగడినుండియే వచ్చుచున్నవి. చిల్లర ఖాతా పెరుగునది అచ్చటనే.

దీనికంటె బలమైన ఆక్షేపణ వేరొకటి యున్నది. పెట్టుబడి పెట్టిన వర్తకుడు కళ్లములోనే కాటా పెట్టునపుడు ఇంటికి గింజ యెట్లు మిగులును? మిగులదు. ఈ ముడి రైతొక్కడు విప్పజాలడు. సహకారసంఘము పూనుకొనవలసిన పని ఇదియే. సంఘపు టప్పుల వాయిదాను పంటకోత వెంటనే గాక కొంత గడువిచ్చి పెట్టుటయు, గిడ్డంగి రశీదుపై అప్పిచ్చుటయు, పప్పు విసరు చిన్న మర నొకదానిని ఊరుమ్మడిగా నెలకొల్పుటయు సంఘమునకు శక్యములే. పండని సరకులైన ఉప్పు, బెల్లము, జీలకర్రలను సభ్యులందరి కొరకు ఒక్కసారిగా టోకున కొనవచ్చును.

ఇది సంఘము చేయదగిన పనియా అని సందేహించువారు చరిత్ర చూడవలెను. 1844 డిసెంబరు 21వ తేదీని ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది పేదవారు తెరచిన సహకారపు అంగడిలో మొదట పెట్టినవి వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్సుపిండి, క్రొవ్వొత్తులు. మన దేశములో 1990 దశకమున, నాటి మెదకు జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమున, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములు బీడుపడిన చేలలో జొన్న పండించి, ఊరనే నిలువచేసి, పని దొరకని నెలలలో పేద కుటుంబములకు తక్కువ వెలకు ఇచ్చినవి.

ఈ యేర్పాటులకు లెక్క వేయునపుడు ఇల్లాండ్రను కూర్చుండబెట్టుకొని వేయవలెనని మా మనవి. ఏ ఇంట ఏ నెలలో ఏది నిండుకొనునో పాలకవర్గపు సభ్యులకంటె వారికే తెలియును. ఆ సంప్రదింపు పుష్యమాసములోపల జరుగవలెను. మాఘమున కళ్లములు ఖాళీ యగును.