కలం ఎవరి చేతిలో?

మన సిద్దిపేట గొల్లభామ చీరకు ప్రసిద్ధి. తలపై కుండతో నడిచే ఆ స్త్రీమూర్తిని చీరపై చూడనివారు మనలో లేరు. కాని ఆమె ఎవరు, ఏమి తలపోస్తూ నడుస్తున్నది అని అడిగినవారు అరుదు. పారశీక సంప్రదాయపు సూక్ష్మచిత్రాలలోని స్త్రీకి కూడ తరచు ఇదే గతి పట్టినది. 17వ శతాబ్ది తొలినాళ్లలో మన దక్కనులోనే, బీజాపూరులో, మైనాపిట్టతో నిలిచిన యోగిని చిత్రమొకటి రూపొందినది. నేడది డబ్లిన్ నగరంలోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉన్నది. చూపరులు ఆమె సొగసును కొనియాడుతారు. ఆమె ఎవరో ఆ చిత్రం చెప్పదు.

మన కాలంలో ఇద్దరు స్త్రీలు ఈ వరుసను మార్చినారు. 1969లో లాహోరులో జన్మించిన షాజియా సికందర్ అక్కడి నేషనల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్‌లో చదువుతూ, 1989-90లో ‘ది స్క్రోల్’ అనే పొడవైన సూక్ష్మచిత్రాన్ని రచించినారు. అందులో తెల్లని దుస్తుల యువతి ఇంటి గదులన్నీ తిరిగి, కడపట చిత్రఫలకం ముందు నిలిచి తన రూపాన్ని తానే గీసుకొంటుంది. ఆనాటికి చిత్రకర్త్రి మన విద్యార్థినుల వయస్సుదే!

1957లో ఇరానులోని కజ్వీనులో జన్మించి అమెరికాలో స్థిరపడిన షిరీన్ నెషాత్, 1990లో స్వదేశాన్ని తిరిగి చూచి వచ్చినారు. 1993-97 నడుమ ‘విమెన్ ఆఫ్ అల్లా’ ఛాయాచిత్రాలను వెలువరించినారు. అందులో స్త్రీల ముఖాలపై, చేతులపై ఫొరూగ్ ఫరోఖ్జాద్ మొదలైన కవయిత్రుల పారశీక పంక్తులను లిఖించినారు. మౌనంగా ఉన్న ముఖమే చదువదగిన పుట అయినది.

ఇది పరాయి విద్య అనుటకు వీలులేదు. ‘కలంకారీ’ పారశీక పదమే. మన చేర్యాల పటాలు వ్రాసే నకాషీల పేరు సైతం ‘నక్ష్’ అనే అరబ్బీ మాట నుండి పుట్టి, పారశీక, ఉర్దూల మీదుగా మన తెలుగులో కలిసిపోయినది. రెండు భాషల ఈ కళాశాలకు ఆ రెండింటి వారసత్వమూ దక్కవలసి ఉన్నది.

బొమ్మలు గీయుట ఆడపిల్లల చదువుకు అడ్డమని, మన ఆచారానికి తగదని శంకించే పెద్దలు కలరు. వారి యెడల మాకు గౌరవమే. కాని అందమైన వ్రాతను మన పెద్దలెన్నడూ నిరసించలేదు. బొమ్మ వద్దనువారు అక్షరంతోనే ఆరంభించవచ్చును. తల్లుల, నానమ్మల, అమ్మమ్మల జ్ఞాపకాలను వారి మాటలలోనే, ఉర్దూలోనో తెలుగులోనో, చక్కని దస్తూరీతో వ్రాయించవచ్చును. మెహందీలోను, ముగ్గులోను నేర్పు చూపిన చేయి పెండ్లి తరువాత కాగితాన్ని మరచిపోవుట మేము చూస్తూనే ఉన్నాము. ఆ నష్టం ఏ మార్కుల పట్టికలోనూ కనిపించదు.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. వారానికొక గంట చిత్రలేఖనానికి, ఖత్తాతీకి కేటాయించండి. ఏడాదికొకసారి విద్యార్థినులను సాలార్‌జంగ్ మ్యూజియానికి, చేర్యాల నకాషీల ఇండ్లకు తీసుకొనిపోండి. వచ్చే సంచికలో వారి పుటలకు చోటివ్వండి. గొల్లభామను ఇంతకాలం మనం చూచినాము; ఇక ఆమె చూచినదేమో ఆమెనే చెప్పనిద్దాము.