ఆయనకు అన్నం ఎవరు వండారు?

మా మన్నెగూడలో, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక వదిన ఉంది. వదినంటే చుట్టరికం కాదు. పక్కపక్కన ఇళ్ళు కట్టుకున్ననాటి నుంచీ కలుపుకున్న వరస. యాభై నాలుగేళ్ళుంటాయి. వానాకాలం మొదట్లో ఒక పొద్దున బాత్‌రూమ్‌లో జారిపడింది. కాలు బెణికిందేమో అనుకున్నాం. ఎక్స్‌రే తీస్తే తుంటి దగ్గర ఎముక విరిగిందన్నారు. సిటీకి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించి, తుంటి కీలు మార్పించి తీసుకొచ్చారు.

ఫిజియోథెరపీ చేయించడానికి ఒకమ్మాయి ఇంటికొచ్చేది. పాతికేళ్ళు కూడా ఉండవు, ఓపిక మాత్రం ఎక్కువ. లేచి నిలబడమంటే వదిన బిక్కచచ్చిపోయేది. ఒకరోజు నేనూ అక్కడే ఉన్నాను. ధైర్యం చెప్పడానికి ఆ అమ్మాయి ఒక కథ ఎత్తుకుంది. "అమెరికాలో ఒకాయన మంచు మీద హాకీ ఆడతాడు ఆంటీ. ఆయనకీ మీలాగే తుంటికి ఆపరేషన్ అయింది. ఆర్నెల్లకి మళ్ళీ ఆటలో దిగాడు. మీరు తలుపు దాకా నడవలేరా?" అంది.

వదిన అంతా విని, నెమ్మదిగా అడిగింది. "మంచిగనే ఉంది బిడ్డా. గని ఆ ఆర్నెల్లు ఆయనకు అన్నం ఎవరొండి పెట్టిన్రు?"

ఆ అమ్మాయి నవ్వేసింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే మాత్రం నవ్వు రాలేదు.

ఆ హాకీ ఆటగాడి పేరు పాట్రిక్ కేన్. షికాగో జట్టుతో 2010, 2013, 2015లలో మూడుసార్లు స్టాన్లీ కప్ గెలిచినవాడు. మంచు మీద ఆ ఆట ఆడాలంటే నడుం వంచి, తొడల్ని పక్కలకి తోస్తూ జారాలి. భారమంతా తుంటి మీదే. ఏళ్ళ తరబడి ఆడి ఆడి అతని తుంటి అరిగిపోయింది. 2023 జూన్ 1న, ముప్ఫై నాలుగో ఏట ఆపరేషన్ చేయించుకున్నాడు. తుంటి కీలంటే గిన్నెలో తిరిగే బంతి లాంటిది. మా వదినకి ఆ బంతిని తీసేసి కొత్తది పెట్టారు. కేన్‌కి బంతిని ఉంచే, పైపైన చెక్కి లోహపు తొడుగు వేశారు. గిన్నెలోనూ లోహమే అమర్చారు. ఆ వేసవిలోనే పాత కాంట్రాక్టు ముగిసిపోయింది, చేతిలో ఏ జట్టూ లేదు. వేసవంతా వ్యాయామాలే చేశాడు. నవంబరు ఆఖరున డెట్రాయిట్ జట్టు తీసుకుంది. డిసెంబరు 7న మ్యాచ్‌లో దిగాడు. ఆ సీజన్‌లో 50 మ్యాచ్‌లాడి 20 గోల్స్ కొట్టాడు. తర్వాతి సీజన్లలోనూ అదే జట్టుకు ఆడాడు.

అందరికీ అలా కలిసిరాలేదు లెండి. స్వీడన్ ఆటగాడు నిక్లాస్ బాక్‌స్ట్రోమ్ 2022 జూన్‌లో ఇదే ఆపరేషన్ చేయించుకుని 2023 జనవరిలో ఆటకి తిరిగొచ్చాడు. ఒళ్ళు సహకరించక అదే ఏడాది నవంబరులో వాషింగ్టన్ జట్టు నుంచి పక్కకి తప్పుకున్నాడు. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే మాత్రం 2019 జనవరిలో తుంటికి లోహం వేయించుకుని, అక్టోబరు కల్లా ఆంట్‌వెర్ప్‌లో సింగిల్స్ టైటిల్ గెలిచాడు.

వాళ్ళకేం, డబ్బున్న మారాజులు, వందమంది సేవ చేస్తారు అంటారు కదూ? నిజమే. కానీ డబ్బు ఒక్కటే కాదు తేడా. ఆ ఆర్నెల్లూ అతను పొద్దున లేచి కాలు ఎత్తి దించడమే అతని ఉద్యోగం. కోలుకోవడం కూడా ఒక పనే అని చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒప్పుకున్నారు. మన ఇళ్ళల్లో దాన్ని పనిగా లెక్కపెట్టేవాళ్ళు ఎవరు చెప్పండి?

ఆపరేషన్ దాకా మనవాళ్ళు వెనకాడరు, ఆ మాట ఒప్పుకోవాలి. గొలుసు కుదువబెడతారు, చిట్టీ ఎత్తుతారు, తమ్ముణ్ణి అడుగుతారు. అసలు చిక్కు ఆ తర్వాతే. ఇరవై రోజులు తిరిగేసరికి "కాళ్ళు ఎత్తించి దించడానికి రోజూ డబ్బులా? ఆ మాత్రం నువ్వు చేసుకోలేవూ?" అని మొదలు. మా వదిన వాళ్ళింట్లోనూ అంతే అయింది. ఇంటికి రావద్దని ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేశారు. క్లినిక్‌కి వెళ్దామంటే సాగర్ రోడ్డు మీద ఆటోలో కుదుపులు. వెళ్ళడమూ మానేసింది.

అప్పటి నుంచి రెండే దారులు. ఒకటి, "నువ్వు కదలకు, మేమున్నాం" అని పడుకోబెట్టేయడం. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ డాక్టర్లు మర్నాడే ఎందుకు లేపి నిలబెడతారో మనకెవరూ విడమరచి చెప్పరు. మంచానికే అతుక్కుపోతే వీపున పుళ్ళు పడతాయి, కాళ్ళల్లో రక్తం గడ్డలు కడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కండ కరిగిపోతుంది. విరిగిన తుంటి కంటే ఆ మంచమే ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంటుంది.

రెండోది ఎవరూ తోయకుండానే ఆడమనిషి తనంతట తానే వంటింట్లోకి వెళ్ళిపోవడం. కీలు మార్చాక కొన్ని వారాల పాటు కింద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు, కాలు మీద కాలు వేయొద్దు, నడుం దగ్గర మరీ వంగొద్దు అని చెబుతారు. డాక్టర్ని బట్టి, ఆపరేషన్ చేసిన పద్ధతిని బట్టి కొంచెం మారుతుంది. మాట వినకపోతే ఆ కొత్త బంతి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదముంది. ఇప్పుడు ఒక్కసారి మీ ఇంట్లో ఆ కళ్ళతో తిరిగి చూడండి. కత్తిపీట నేల మీద. కందిపప్పు డబ్బా కింది అరలో. గ్యాస్ రెగ్యులేటర్ తిప్పాలంటే గట్టు కిందకి వంగాలి. దేవుడి ముందు పీట. గుమ్మంలో ముగ్గు. లెట్రిన్ సంగతి సరేసరి! ఆవిడకి వద్దన్నవన్నీ కలిపితే ఆవిడ దినచర్య!

అసలు ఆడవాళ్ళ తుంటి ఇంత సులువుగా విరగడానికీ కారణముంది. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ హార్మోను తగ్గి ఎముకలు గుల్లబారతాయి. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది తేలారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్ఫై అయిదేళ్ళ పిల్లకి ఎముకలు యాభై దాటినట్టు అవడం మొదలవుతుంది. మా వదినకి ముప్ఫై ఆరో ఏట తీశారు. ఎముకల పరీక్ష చేయించుకోమని ఈ పద్దెనిమిదేళ్ళలో ఆవిడకి ఒక్కరూ చెప్పలేదు.

మన ఆడపిల్లలు ఆటల్లో ఒళ్ళు ఎంత అరగదీసుకుంటారో మనకి తెలియనిది కాదు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్ళి భారత హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన ఎతిమరపు రజనినే చూడండి. గోల్ ముందు కాళ్ళు చాపి బంతిని ఆపడమంటే తుంటితోనే పని. మన హైదరాబాద్‌లో పెరిగిన సైనా నెహ్వాల్‌కి 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ అవగానే మోకాలికి ఆపరేషన్ అయింది. నవంబరులో మళ్ళీ కోర్టులో దిగింది. 2017 జనవరిలో మలేసియాలో టైటిల్, అదే ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2018 కామన్వెల్త్ క్రీడల్లో సింధు మీద గెలిచి బంగారు పతకం. 2024లో తన మోకాళ్ళకి ఆర్థరైటిస్ వచ్చిందని తనే చెప్పింది. అంత కష్టపడ్డా ఒంట్లో అరిగింది అరిగే ఉంటుంది. కానీ ఆపరేషన్ అయిన కొత్తల్లో ఆ అమ్మాయిని అందరూ అడిగిన ప్రశ్న, "మళ్ళీ ఎప్పుడు ఆడతావు?" అని.

మా వదినని చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏమడిగారో తెలుసా? "వంట మొదలుపెట్టినవా?" అని. గుడికి ఎప్పుడు వెళ్తావనిగానీ, కూతురింటికి బస్సెక్కగలవా అనిగానీ ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను. మొదటి వారం కూర గిన్నె పట్టుకెళ్ళి ఇచ్చాను. రెండో వారం నా పిల్లల పరీక్షలంటూ మానేశాను. కథలు రాసే చెయ్యి కదా, సాకులకేం కొదవ!

ఇంకో మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆ ఇంట్లో కోడలు ఒక దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తుంది. అత్తగారి కోసం నెల సెలవు పెట్టింది. జీతం లేని సెలవు. కొడుకు ఒక్కరోజు పెట్టలేదు, పెట్టమని ఎవరూ అడగనూ లేదు. వదిన ప్రశ్నకి జవాబు మనకి తెలుసన్నమాట. ఆడదానికి జబ్బు చేస్తే అన్నం వండేది ఇంకో ఆడది. ఆ రెండో ఆవిడ కూడా లేని ఇంట్లో, జబ్బు చేసిన ఆవిడే వండుతుంది.

నెల గడిచి కోడలు ఉద్యోగానికి వెళ్ళాక గొడవైంది. పెద్దగొడవే. వదిన గట్టు పట్టుకుని నిలబడి చపాతీలు చేస్తుంటే కాలు వణికి పడబోయింది. సాయంత్రం కోడలు నోరు తెరిచింది. "మళ్ళీ ఆపరేషనంటే ఎంతవుతుందో తెలుసా మామయ్యా? ఫిజియో అమ్మాయికి ఇచ్చేది దాంట్లో ఎన్నో వంతు?" అని కాగితం మీద లెక్క వేసి చూపించిందట. ఆ లెక్కకి ఆయన దగ్గర బదులు లేకపోయింది. మర్నాడు ఆ అమ్మాయికి మళ్ళీ కబురు వెళ్ళింది, వారానికి మూడుసార్లు రమ్మని. మేస్త్రీ వచ్చి కమోడ్ బిగించి, పక్కన గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ వేశాడు. పప్పు డబ్బాలు పై అరలోకెక్కాయి. కత్తిపీట అటకెక్కింది, టేబుల్ మీద చాకు వచ్చింది. ఎత్తు కుర్చీ ఒకటి మా ఇంట్లోదే ఇచ్చాను.

ఆపరేషనై ఇప్పటికి మూడు నెలలు. వదిన కర్ర పట్టుకుని సందు చివర వేపచెట్టు దాకా వెళ్ళి వస్తోంది. నిన్న సాయంత్రం వెళ్ళేసరికి అన్నయ్య కుక్కర్ ముందు నిలబడి విజిల్స్ లెక్కపెడుతున్నాడు. వదిన కుర్చీ వీపు పట్టుకుని, కాలు పక్కకి ఎత్తి దించుతూ, తన లెక్క తను పెట్టుకుంటోంది. "మాట్లాడకు ఆగు, ఏడైనయ్. ఇంకా మూడున్నయ్" అంది నాతో.