ఓరుగల్లు కోటగోడ వెంట నడకదారి కోసం వినతిపత్రం

గౌరవనీయులైన వరంగల్ జిల్లా కలెక్టర్ గారికి,

ప్రతులు: భారత పురావస్తు సర్వేక్షణ శాఖ హైదరాబాద్ సర్కిల్ అధికారి గారికి, గ్రేటర్ వరంగల్ మహానగరపాలక సంస్థ కమిషనర్ గారికి, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ వారికి.

విషయం: ఖిలా వరంగల్‌లో రాతికోట గోడ వెంట వృద్ధులు, పిల్లలు, దివ్యాంగులు సైతం సులువుగా నడవగలిగే దారి ఏర్పాటు చేయడం, మట్టికోటను కాపాడడం గురించి.



మేము కోట లోపల పడమరకోట, మధ్యకోట, తూర్పుకోటల్లో తరతరాలుగా కాపురముంటున్న వాళ్లం. రైతులం, కూలీలం, చిన్న దుకాణాల వాళ్లం, ఉద్యోగులం, చదువుకునే పిల్లల తల్లిదండ్రులం. మాకు కోట సెలవురోజు చూసివచ్చే చోటు కాదు, మా ఊరు. అందుకే దీని మంచిచెడ్డల గురించి అడిగే హక్కు, దీన్ని కాపాడే బాధ్యత రెండూ మాకున్నాయన్న నమ్మకంతో ఈ వినతిపత్రం సమర్పిస్తున్నాం.

కాకతీయ గణపతిదేవుడు హనుమకొండ నుంచి రాజధానిని ఓరుగల్లుకు మార్చి ఈ కోట పనులు సాగించగా, ఆయన కుమార్తె రుద్రమదేవి పూర్తి చేయించిందని చరిత్రకారులు చెబుతారు. ఒకదాని చుట్టూ ఒకటిగా మూడు ప్రాకారాలున్న కోట ఇది. అన్నిటికన్నా లోపలిది రాతికోట. దాని అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. బయట అగడ్త, ఆపైన మట్టికోట, ఇంకా దూరాన మరో మట్టికట్ట. రాతిగోడకు 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు ఉన్నాయి. 1310లో మాలిక్ కాఫూర్ సేన ముట్టడించినప్పుడు ఈ మట్టిగోడ ఎంత గట్టిదో ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ప్రత్యేకంగా రాసిపెట్టాడు. 1323లో కోట తుగ్లక్ సేనల వశమై ఊరి పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. ఆ తరువాత ముసునూరి నాయకులు, బహమనీలు, షితాబ్ ఖాన్, కుతుబ్‌షాహీలు అందరూ ఈ కోటను ఏలారు. వాళ్లందరి తరువాత కూడా ఊరు ఊరుగానే నిలిచింది.

ఇంత చరిత్ర ఉన్నా, కోట చూడడానికి వచ్చేవాళ్లు చూసి వెళ్లేది చాలా కొద్ది. పడమటి ద్వారం గుండా వాహనంలో లోపలికి వస్తారు. స్వయంభూ దేవాలయ శిథిలాల చుట్టూ నిలిచిన నాలుగు కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగుతారు, ఖుష్‌మహల్ ఎక్కి దిగుతారు, వెళ్లిపోతారు. తోరణాలకు ఆ గౌరవం దక్కాల్సిందే. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం తన రాజముద్రలో వాటినే నిలుపుకుంది. కానీ కోట అంటే గోడ. ఆ గోడ ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో, ఎక్కడ చుట్టుకుని కలుస్తుందో తెలుసుకునే వీలు ఇవాళ ఎవరికీ లేదు. చాలాచోట్ల తుమ్మ, సర్కారు కంప కమ్ముకుని బురుజు ఉందన్న ఆనవాలే తెలియదు. పక్కనే పుట్టి పెరిగిన మా పిల్లల్లో కూడా గోడ చుట్టూ పూర్తిగా తిరిగి చూసినవాళ్లు అరుదు.

దీనికి తోడు మరొక విషయం తమ దృష్టికి తేవాలి. ఈ కోట, దాని ప్రాకారాలు, ద్వారాలు కేంద్ర రక్షిత కట్టడాలు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కట్టడం నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, దాని తరువాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే మాలో చాలామంది ఇంటికి గది కలపాలన్నా, కురిసే కప్పు మార్చాలన్నా అనుమతి కోసం కాగితాలు పట్టుకుని తిరగాలి. కొడుక్కి పెళ్లయి మరో గది అవసరమైనప్పుడు ఊరు వదిలి బయట అద్దెకు పోయిన కుటుంబాలు ఉన్నాయి. ఈ చట్టాన్ని మేము వ్యతిరేకించడం లేదు. అది లేకపోతే ఈ గోడ ఈపాటికి పునాదిరాళ్లుగా మారిపోయేదని మాకు తెలుసు. మేము అడిగేది ఒక్కటే. కోటను నిలపడానికయ్యే ఖర్చులో మా వంతు మేము తరాలుగా చెల్లిస్తున్నప్పుడు, ఆ కోట మాకు, చూడవచ్చే ప్రజలకు అందుబాటులో ఉండాలి కదా. నడకదారి మాకు చేసే దయ కాదు, ఆ లెక్కలో మాకు రావలసిన బాకీ.

ఇది అసాధ్యమైన కోరిక కూడా కాదు. ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో మధ్యయుగపు ప్రాకారం మీద జనం రోజూ నడుస్తారు. శ్రీలంకలోని గాల్ కోటలో మా వంటి కుటుంబాలే గోడ లోపల నివసిస్తుండగా, సాయంత్రం ఊరంతా బురుజుల వెంట తిరుగుతుంది. వరంగల్‌ను 2015లో కేంద్రం హృదయ్ పథకానికి ఎంపిక చేసిన 12 వారసత్వ నగరాల్లో చేర్చింది. కాకతీయుల ఆలయాలు, తోరణాల సముదాయం 2010 నుంచే యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉండగా, అందులోంచి రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. కోట వంతు ఇంకా మిగిలే ఉంది.

ఈ నేపథ్యంలో మా కోరికలు ఇవి.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: రాతికోట గోడ లోపలివైపు, గోడ పాదం వెంట, పూర్తి చుట్టుగా ఒక నడకదారి ఏర్పాటు చేయాలి. గోడ మీద కాకుండా గోడ కింద ఎందుకు అడుగుతున్నామో చెప్పాలి. ఈ గోడకు లోపలివైపు పొడవునా రాతిమెట్లు పేర్చి ఉన్నాయి. శత్రువు ఎటునుంచి వచ్చినా, సైనికులు ఉన్నచోటి నుంచే పైకి ఎక్కేలా చేసిన ఏర్పాటు అది. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ ఆ మెట్లు ఎక్కలేదు. ఆమె కోసం ఆ మెట్లను చెక్కడం, కమ్మీలు దిగ్గొట్టడం అంతకన్నా తప్పు. కనుక అందరికీ కింద చదునుదారి ఉండాలి. పురావస్తు శాఖ వారు గట్టిగా ఉన్నాయని తేల్చిన ఒకటి రెండు చోట్ల మాత్రం, ఎక్కగలిగినవాళ్లు పైకెళ్లి అగడ్తను, మట్టికోటను, ఏకశిల గుట్టను చూసేలా అనుమతించాలి.

ఆ దారికి సిమెంటు, టైల్స్ వద్దు. మొరం పోసి గట్టిగా తొక్కిస్తే చాలు. వాననీరు గోడ మొదట్లో నిలవకుండా ఇంకుతుంది, రేపు తవ్వకాలు జరపాలనుకుంటే తీసేయడం సులువు. చక్రాల కుర్చీలు రెండు ఎదురైతే తప్పుకునేంత వెడల్పు, ఎత్తుపల్లాలున్న చోట పన్నెండు అడుగులకు ఒక అడుగుకు మించని వాలు ఉండాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని అది చెబుతోంది.

మొత్తం చుట్టు సుమారు నాలుగు కిలోమీటర్లు వస్తుంది. ద్వారం నుంచి ద్వారానికి కొంచెం అటూ ఇటూగా ఒక కిలోమీటరు. అంతా నడవలేనివాళ్లు ఏదో ఒక ద్వారం దగ్గర ఆగి ఆటో ఎక్కవచ్చు. పనిని కూడా అలాగే నాలుగు భాగాలుగా చేపట్టవచ్చు. నిధులు ఒక్కసారిగా కావాలని మేము పట్టుబట్టడం లేదు.

రెండవది, గోడను పట్టి పెరుగుతున్న చెట్ల సంగతి. కాకతీయుల శిల్పులు ఈ బండలను సున్నం లేకుండానే ఒకదానిపై ఒకటి కూర్చారు. ఏడు వందల ఏళ్లకు పైగా అవి తమ బరువుతోనే నిలిచాయి. ఇప్పుడు ఆ సందుల్లో రావి మొలకలు దిగాయి. కొన్నిచోట్ల పిల్లవాడి మణికట్టంత లావు వేరు రెండు బండల మధ్యకు దూరి పై బండను పక్కకు నెట్టింది. పండుగల ముందు కూలీలతో పైకొమ్మలు నరికించి వదిలేస్తే, అదే మొదలు నుంచి నాలుగు కొమ్మలు వస్తాయి. గునపంతో పీకిస్తే వేరుతో పాటు రాయీ ఊడుతుంది. ఈ పని తెలిసినవాళ్లు చేయాలి. వేరు చంపి, ఎండిన తరువాత తీసి, సందు సరిచేయాలి. ఇందుకు పురావస్తు శాఖ పర్యవేక్షణలో ఏడాది పొడవునా పనిచేసే చిన్న బృందం కావాలి. మా ఊరి యువకులకే ఆ శిక్షణ ఇస్తే వాళ్లకు ఉపాధి, గోడకు రక్ష.

మూడవది మట్టికోట. రాయి కాదు కనుక దీన్ని చాలామంది ఉత్త దిబ్బ అనుకుంటారు. శత్రువు రాతికోట కన్నా ముందు ఎదుర్కొన్నది దీన్నే. ట్రాక్టర్లతో మట్టి తవ్వుకుపోవడం, కట్టను చదును చేసి ప్లాట్లు వేయడం ఆగకపోతే కొన్నేళ్లలో ఈ గోడ పటంలోనే మిగులుతుంది. రెవెన్యూ, పురావస్తు శాఖలు కలిసి కట్ట మొత్తం సర్వే చేసి, హద్దురాళ్లు నాటి, ఆ పటాన్ని పంచాయితీ చావడిలో పెట్టినట్లు అందరికీ కనిపించేలా వార్డు కార్యాలయంలో ఉంచాలి. ఇప్పటికే పట్టాలుండి నివసిస్తున్న పేదలను చట్టప్రకారం నోటీసు, పునరావాసం లేకుండా కదిలించకూడదు. కొత్తగా తవ్వేవాళ్లపై మాత్రం ఉపేక్ష వద్దు.

నాలుగవది: అగడ్తలోకి మురుగునీరు, చెత్త రాకూడదు. ఇళ్ల కాలువలను వేరే దారికి మళ్లించాలి. ఎంత మంచి నడకదారి వేసినా పక్కన మురుగు పారుతుంటే ఎవరూ నడవరు.

ఐదవది, ద్వారాల గుండా పోయే వాహనాలు. కోటలోకి దారి తిన్నగా ఉండదు. లోపలికి వచ్చే సైన్యం మలుపు తిరగక తప్పకుండా, వేగం తగ్గేలా, కట్టినవాళ్లు కావాలనే అలా కట్టారు. ఆ మలుపులోనే నేడు బరువు లారీలు ఇరుక్కుంటున్నాయి. తొట్టి అంచులు రాసుకుని రాతిపై తెల్లటి గీతలు పడుతున్నాయి. బరువు వాహనాలను ఆపాలి. మా ట్రాక్టర్లు, ఆటోలు, బడి బస్సులు, అంబులెన్సులకు ఆటంకం ఉండకూడదు. ఏ నిర్ణయమైనా రైతు పంట బయటికి పోయే వీలు చూసి తీసుకోవాలి.

ఆరవది: దారి పొడవునా పలకలు పెట్టాలి. ముందు తెలుగు, తరువాత ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు. చూపులేనివారి కోసం ప్రతి ద్వారం దగ్గర చేతితో తడిమి తెలుసుకునే కోట నమూనా ఒకటి ఉండాలి. ఆ పలకల మీద కాకతీయుల గొప్పతనంతో పాటు తరువాత వచ్చినవాళ్ల చరిత్ర కూడా రాయాలి. షితాబ్ ఖాన్ 1504లో వేయించిన శాసనం, కోటలోని గుళ్లు, మసీదులు అన్నీ ఈ ఊరి కథే. రుజువున్న చరిత్రను, జనం చెప్పుకునే కథను వేరువేరుగా రాస్తే రెండింటికీ గౌరవం. మంచినీళ్లు, నీడ, శుభ్రమైన మరుగుదొడ్లు ద్వారానికొకటి చొప్పున కావాలి. కోట గోడకు ఆనించి కాదు, ఎడంగా. ఎండాకాలంలో మధ్యాహ్నం ఇక్కడ నడవడం ప్రమాదం. కనుక తెల్లవారుజామున, సాయంత్రం దారి తెరిచి ఉండాలి. ఈ నడకకు టికెట్ పెట్టవద్దని మా మనవి.

చివరిది మా ఇళ్ల సంగతి. గోడ మీద నిలబడితే మా పెరళ్లు, స్నానాల గదులు, దండెం మీది బట్టలు కనిపిస్తాయి. పైకెక్కే చోట్లను ఇళ్లకు దూరంగా ఎంచాలి. దారికీ ఇళ్లకూ మధ్య అక్కడక్కడ చెట్లు పెంచాలి. నడిచేవాళ్లు మడికట్లు తొక్కి పొలాల్లోకి దిగకుండా, పశువులు మేతకు పోయే బాటలు మూసుకుపోకుండా చూడాలి. దారి ఎటు పోవాలో తేల్చే సమావేశాల్లో ఊరి ఆడవాళ్లు, రైతులు తప్పనిసరిగా ఉండాలి. మార్గదర్శకులుగా బయటివాళ్లకన్నా ముందు మా పిల్లలకు శిక్షణ ఇవ్వాలి.

పై కోరికల్లో కొన్ని కేంద్ర శాఖకు, కొన్ని నగరపాలక సంస్థకు, కొన్ని రెవెన్యూకు చెందుతాయని మాకు తెలుసు. ఒక కార్యాలయానికి పోతే మరొక కార్యాలయం పేరు చెప్పడం మాకు అనుభవమే. అందుకే అన్ని శాఖలనూ ఒకచోట కూర్చోబెట్టగల తమకు ఈ వినతి సమర్పిస్తున్నాం. నెల రోజుల్లో అన్ని శాఖల అధికారులతో ఉమ్మడి పరిశీలన జరిపించండి. పడమటి ద్వారం నుంచి మొదలుపెట్టి గోడ చుట్టూ పూర్తిగా నడవండి. మా ప్రతినిధులు వెంట వచ్చి ప్రతి చోటు చూపిస్తారు. ఆ పరిశీలనలో ఏది సాధ్యమో, ఏది కాదో, కాకపోతే ఎందుకు కాదో రాతపూర్వకంగా తెలియజేయండి. సాధ్యమన్న వాటిలో మొదటి కిలోమీటరు పొదల తొలగింపును వానలు తగ్గిన వెంటనే, ఎండలు ముదరకముందే మొదలుపెట్టించాలని కోరుతున్నాం. ఆ పనికి మా వైపు నుంచి ఏ సహకారం కావాలన్నా సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఖిలా వరంగల్ కోట నివాసులు