లిఫ్టు లేని లండన్

లండన్ వెళ్తున్నాం, హోటల్ ఎలా చూసుకోవాలి అని ఈమధ్య నలుగురైదుగురు సోదరీమణులు ఉత్తరాలు రాశారు. ముందుగా ఒక మాట. మనకి హోటలంటే ఇడ్లీ, సాంబారు, స్టీలు గ్లాసులో కాఫీ. అక్కడ హోటలంటే పడుకోవడానికి గది, అంతే! మా అత్తయ్యగారు దిగిన రోజున కౌంటరు ముందు కూచుని, "ఇదేం హోటలే అమ్మాయ్, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళయినా ఇవ్వరు" అన్నారు. మంచినీళ్ళ దాకా ఎందుకు, ఆ మూడు రోజుల్లో మాకు అందనివి ఇంకా చాలా ఉన్నాయి.

మా ఆడపడుచు కూతురు లెస్టర్‌లో ఉంటుంది. దాని పురిటికి సాయంగా కిందటి ఏప్రిల్‌లో బయల్దేరాం. దారిలో మూడు రాత్రులు లండన్‌లో ఆగుదామన్నది అత్తయ్యగారే. మామయ్యగారు ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పారు. థేమ్స్ నది, పార్లమెంటు, లండన్ టవర్ అన్నీ బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పేవారట. ఒక్కటీ కళ్ళారా చూడకుండానే పోయారు. "ఆయన బదులు నేను చూసొస్తా" అన్నారీవిడ. వయసు డెబ్భై మూడు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. అందుకని హైదరాబాదులో ట్రావెల్ ఏజెంటుకి ఒక్కటే షరతు పెట్టాం, లిఫ్టు ఉండాలని. ఉందని కాగితం మీద రాసిచ్చాడు. రాత్రికి 140 పౌండ్ల చొప్పున మూడు రాత్రుల డబ్బూ ముందే కట్టించుకున్నాడు.

హీత్రూ విమానాశ్రయం నుంచి పాడింగ్టన్‌కి ఎలిజబెత్ లైను రైలుంది. 2022లో మొదలైంది, హాయిగా ఉంటుంది. అక్కడి నుంచి హోటల్ నాలుగు అడుగులు. తెల్లటి గోడలు, గుమ్మానికి రెండు పక్కలా స్తంభాలు, ఫోటోలో చూసినట్టే ఉంది. లోపలికి వెళ్తే లిఫ్టు కూడా ఉంది! కాకపోతే దాని తలుపుకి టేపు అంటించి "పనిచేయదు" అని కాగితం పెట్టారు. ఆ కాగితం అంచులు పసుపెక్కి ఉన్నాయి. నిన్నో మొన్నో పెట్టింది కాదని నాకు అప్పుడే తెలిసిపోయింది. మా గది నాలుగో అంతస్తు. అత్తయ్యగారు కటకటాలు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి, పైకి చేరి "అరవై ఎనిమిది" అన్నారు. ఆ లెక్క నేను అడగలేదు.

పాడింగ్టన్ చుట్టుపక్కల హోటళ్ళలో చాలా మటుకు విక్టోరియా రాణి కాలంలో కట్టిన ఇళ్ళు. అప్పటి ధనవంతుల కుటుంబాలవి. యజమానులు కింది అంతస్తుల్లో, ఎత్తయిన పైకప్పుల కింద ఉండేవారు. వంట భూమి కింది అరలో. పనిపిల్లలు పడుకునేది అన్నిటికన్నా పైన, చూరు కింద. పై అంతస్తులకి వెళ్ళేకొద్దీ గదులు చిన్నవీ, మెట్లు ఇరుకువీ అయ్యేది అందుకే. అంటే మాకు ఇచ్చింది ఒకప్పటి పనిపిల్ల గదన్నమాట! రెండు మంచాలకి మధ్య పెట్టె తెరిచే చోటు లేదు. మా వారి కోసం వేసిన మడత మంచం తలుపుకి అడ్డం.

అదంతా సర్దుకుపోవచ్చు. అసలు చిక్కు స్నానాల గదిలో వచ్చింది. షవరు నేల మీద లేదు, బాత్‌టబ్బులో ఉంది. టబ్బు అంచు మోకాలి ఎత్తు. మోకాలు వంగని మనిషి అందులోకి కాలెలా పెడుతుంది? గోడకి పట్టుకునే కమ్మీ లేదు, బకెట్టు లేదు, మగ్గు లేదు. వాష్ బేసినుకి వేడినీళ్ళ కుళాయి ఒక కొసన, చన్నీళ్ళది ఇంకో కొసన. పాత ఇళ్ళలో చన్నీళ్ళు నేరుగా వీధి గొట్టం నుంచీ, వేడినీళ్ళు అటక మీది తొట్టిలోంచీ వచ్చేవి. రెండూ కలిస్తే తాగే నీళ్ళు పాడవుతాయని విడివిడిగా పెట్టేవారు. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఒక చెయ్యి కాలుతుంది, ఒక చెయ్యి వణుకుతుంది.

మా అత్తయ్యగారు స్నానం చెయ్యందే నోట్లో ఏమీ వేసుకోరు. యాభై ఏళ్ళ అలవాటు. ఆ సాయంత్రం తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని "ఆకలి లేదమ్మా" అని పడుకున్నారు. మర్నాడు పొద్దున్నా అదే మాట. అరవై ఎనిమిది మెట్లూ మళ్ళీ ఎక్కాల్సొస్తుందని కిందికీ రానన్నారు. "మీరు చూసి రండి, కిటికీలోంచి నాకు లండన్ కనిపిస్తూనే ఉందిగా" అన్నారు. ఆ కిటికీలోంచి కనిపించేది వెనకింటి గోడ, నాలుగు మురుగు గొట్టాలు.

నేను కిందికి దిగి కౌంటరులో కుర్రాడిని అడిగాను. లిఫ్టు రేపు బాగవుతుందన్నాడు. కింద గది మార్చమన్నాను. "అన్నీ నిండిపోయాయి మేడమ్" అన్నాడు, కంప్యూటరు వైపు చూడకుండానే. నిండాయో లేదో చూసి చెప్పమంటే మేనేజరు వచ్చాక అన్నాడు. మేనేజరు ఆ పూటంతా రాలేదు.

సందు చివర చవక సామాన్ల కొట్టు ఉంటే ఒక ప్లాస్టిక్ బకెట్టు, కొలత గుర్తులున్న జగ్గు కొన్నాను. అవి పట్టుకుని మెట్లెక్కుతుంటే పక్కలు మార్చే ఆవిడ ఎదురొచ్చింది. ఏ దేశమో తెలీదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. బకెట్టు ఎందుకని సైగ చేసింది. మోకాళ్ళు చూపించి చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కింది అంతస్తుకి తీసుకెళ్ళి ఒక గది తలుపు తీసింది. వెడల్పు గుమ్మం, నేల మీదే షవరు, గోడకి కమ్మీ, మడత కుర్చీ! వికలాంగుల కోసం కట్టిన గది. ఖాళీగా ఉంది.

మళ్ళీ కౌంటరుకి వెళ్ళి, "ఆ గది ఎవరికోసం ఉంచారు?" అని గట్టిగానే అడిగాను. సాయంత్రానికి మార్చారు. క్షమించమన్న మాట మాత్రం రాలేదు. మాకు కోపం తెప్పించింది లిఫ్టు పాడవడం కాదు, యంత్రమన్నాక పాడవుతుంది. ఒక పెద్దావిడ రోజున్నర తిండి మానేస్తే, ఆవిడకి పనికొచ్చే గది కిందే ఖాళీగా పెట్టుకుని లేదని చెప్పడం.

ఆఖరి రోజు నల్ల టాక్సీ మాట్లాడుకుని వెస్ట్‌మినిస్టర్ వంతెన మీదికి తీసుకెళ్ళాం. టవర్ చూడ్డానికి టైము చాల్లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి, భూగర్భ రైలు స్టేషన్లలో మెట్లు లేకుండా వెళ్ళగలిగేవి సుమారు మూడోవంతే. బస్సులకీ నల్ల టాక్సీలకీ వాలు పలక ఉంటుంది, వాటినే వాడండి.

తిండి సంగతి చెప్పలేదు కదూ. గదిలో టీ కాచుకోవడానికి కెటిల్ ఉంటుంది. రైస్ కుక్కరు తీసుకెళ్ళి పెట్టబోకండి, పొగ అలారం మోగితే హోటలంతా వీధిలో నిలబడాలి. మాకు అటుకుల పొడి ఆదుకుంది. పావుకిలో పల్చటి అటుకులు కరకరలాడేలా వేయించి, నూనెలో ఆవాలు, మినప్పప్పు, వేరుశనగలు, ఎండుమిర్చి, కరివేపాకు బాగా వేగనిచ్చి పసుపు, ఉప్పు, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి చల్లారాక డబ్బాలో పోయండి. గిన్నెడు అటుకులకి అరగిన్నె మరిగిన నీళ్ళు పోసి మూతపెడితే అయిదు నిమిషాల్లో పులిహోర! పోపుకి నెయ్యి వాడొద్దు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం బ్రిటన్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. పాలకోవా కూడా అంతే.

నగల మాట కూడా. హోటల్ కౌంటరు దగ్గర 1956 నాటి చట్టం పేరుతో ఒక నోటీసు ఉంటుంది, చదవండి. గదిలో వస్తువు పోతే వాళ్ళు ఇచ్చేది ఒక్కో దానికి 50 పౌండ్లు, మొత్తానికి 100 పౌండ్లు మించక్కర్లేదట. కౌంటరులో అప్పగించి రసీదు తీసుకుంటే వేరు. పురిటికని పట్టుకెళ్ళే గొలుసులూ మురుగులూ పెట్టెలో వదిలి షికారు వెళ్ళకండి.

అక్కడ స్టార్లు కూడా ప్రభుత్వం తప్పనిసరిగా ఇచ్చేవి కావు, ఇష్టమైన హోటలు పరీక్ష చేయించుకుని తెచ్చుకునేవి. అందుకని స్టార్లు చూడకండి, నేరుగా హోటలుకే రాసి మూడు అడగండి. లిఫ్టు ఇవాళ పనిచేస్తోందా? నాకిచ్చే గది ఎన్నో అంతస్తు? షవరు టబ్బులోనా, నేల మీదా? జవాబు దాచుకోండి. వాళ్ళ 2015 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం, నమ్మించి చెప్పిన మాట ఒప్పందంలో భాగమే. మాట తప్పితే డబ్బు తగ్గించమని అడగొచ్చు. నడవలేనివాళ్ళకి వీలైన ఏర్పాటు చెయ్యాలని 2010 సమానత్వ చట్టంలో ఉంది. మన ఏజెంటు మోసం చేస్తే 2019 చట్టం కింద మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, హైదరాబాదు పరిగెత్తక్కర్లేదు.

మేం లిఫ్టు మీది కాగితం, కిటికీలోంచి కనిపించే గోడ, టబ్బు అంచు ఫోటోలు తీసి లెస్టర్ నుంచి రాశాం. రెండు ఉత్తరాలకి "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అన్నారు. మూడోదానికి ఆ రెండు చట్టాల పేర్లూ రాస్తే ఒక రాత్రి అద్దె, 140 పౌండ్లు, వెనక్కి వచ్చింది. ఏజెంటు మాత్రం ఇంకా ఫోనెత్తడం లేదు. వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి చేశాం, ఫిర్యాదు నెంబరు ఇచ్చారు.