‘ఏం చదువుతున్నవ్?’ అని అడిగే ముందు

బెంగళూరు రోడ్డు మీద శంషాబాద్ దాటి కొత్తూరు వైపు వస్తుంటే నెత్తి మీదుగా విమానాలు దిగుతుంటాయి. కింద రోడ్డు పక్కన కంపెనీ బస్సు కోసం మా తండాల పిల్లలు నిలబడి ఉంటారు. మెడలో ఐడీ కార్డు, బ్యాగులో సద్ది డబ్బా, దాని పక్కనే మూలలు నలిగిన ఒక బిట్ బ్యాంకు. నైట్ షిఫ్టు చేసి, పొద్దున ఇంత తిని, ఆ పుస్తకం పట్టుకునే నిద్రపోయే పిల్లలు వాళ్లు.

అలాంటి పిల్లల్ని కూచోబెట్టి ఒక సభలో ఒక పెద్దమనిషి అడిగాడు: “ఇప్పుడు ఏ పుస్తకం చదువుతున్నారు?” సభంతా చప్పుడు లేదు. చివరికి ఒక ఆడపిల్ల లేచి “కరెంట్ అఫైర్స్ సార్” అన్నది. ఆయన నవ్వాడు. ఆయనతో పాటు వేదిక మీదున్న వాళ్లూ నవ్వారు. తర్వాత “జీవితంలో తప్పక చదవాల్సిన పుస్తకాలు” అంటూ ఒక జాబితా చదివాడు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. ఆ జాబితాలో తండా లేదు, గూడెం లేదు. మన మనిషి రాసిన పుస్తకం ఒక్కటి లేదు.

నాకు కోపం వచ్చింది ఆ జాబితా మీద కాదు. అందులో మంచి పుస్తకాలే ఉన్నాయి. కోపం ఆ నవ్వు మీద. ఆ పిల్ల నిజం చెప్పింది. కొలువు వస్తే ఇల్లు నిలబడుతుంది కాబట్టి ఆ పుస్తకం చదువుతున్నది. మీకేం నచ్చుతుంది, మీ ఇంట్లో ఏ కథలు చెబుతారు, పుస్తకం కావాలంటే మీకెక్కడ దొరుకుతుంది అని ఒక్క మాట అడగకుండా ఇచ్చే జాబితా సలహా ఎట్లా అవుతుంది? మందు చీటీ అవుతుంది. రోగిని చూడకుండా రాసిన చీటీ.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నేనూ టీచరునే. ఏళ్ల తరబడి నేనూ క్లాసులో ఇలాంటి జాబితాలే చెప్పాను. అందులో సగం నేను చదవనివే. పేరున్న పుస్తకాల పేర్లు చెబితే నాకూ పేరొస్తుందనుకున్నాను. ఒకరోజు ఒక పిల్లవాడు “ఆ పుస్తకంల మీకు బాగ నచ్చిందేంది సార్?” అని అడిగితే బోర్డు వైపు తిరిగి చాక్‌పీసు వెతుక్కున్నాను.

తోటి టీచర్లకు అందుకే చెబుతున్నా. చదవని పుస్తకాన్ని చదవమని చెప్పకండి. చదివింది ఒక్కటే అయినా దాన్ని చేతిలో పట్టుకొని వెళ్లండి. ఎక్కడ ఏడుపొచ్చిందో, ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ రచయితతో మీకు పేచీ వచ్చిందో చెప్పండి. తర్వాత ఆ పుస్తకాన్ని అక్కడే ఎవరో ఒకరికి ఇచ్చి రండి.

“మీకు లిపి లేదు, సాహిత్యం ఎక్కడిది?” అనేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు జవాబు పుస్తకాలతోనే చెప్పాలి. గోర్ బోలీకి సొంత లిపి లేకపోతే ఏమైంది, తెలుగు అక్షరాల్లో మన బతుకు అచ్చయింది. రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం ‘ఢావ్లో’కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆయనా, ఉస్మానియాలో తెలుగు ఆచార్యులు సూర్యా ధనంజయ్ గారూ కలిసి బంజారా కథలను ‘కేసులా’గా కూర్చారు. కేసులా అంటే మోదుగు పువ్వు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండీ రాతప్రతులు బయటపడ్డాయి. ఆ గుంజాల గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంతకు ముందే, 1940లలో, మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండీ వాచకాలు తయారయ్యాయి. లిపి లేదు, పుస్తకం లేదు అన్న మాట వినీ వినీ మనమే నమ్మేశాం. అసలు నష్టం అక్కడ జరిగింది.

‘ఢావ్లో’ను నేను మా యాడికి చదివి వినిపించాను. ఆమెకు అక్షరం రాదు. పేరు చెప్పగానే చేస్తున్న పని ఆపింది. పెళ్లై అత్తగారింటికి పోయే పిల్ల ఏడుస్తూ పాడే పాట పేరది. ఆ పేరు మా తండాలో ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. “మన ఏడుపు గుడ పుస్తకమైందా?” అన్నది. తర్వాత తన పెళ్లినాడు తను పాడింది గుర్తు చేసుకొని పాడింది. ఇన్నేళ్లలో ఆ పాట నేనెన్నడూ అడగలేదు. నేను ఇప్పటిదాకా చదివిన ఏ గొప్ప పుస్తకమూ మా యాడిని అలా పలకరించలేదు.

“మంచి పుస్తకానికి కులం, తెగ ఉంటాయా?” అని కొందరంటారు. ఉండొద్దు, నిజమే. అయితే ఆ మాట మన పుస్తకం గురించి అడిగినప్పుడే ఎందుకు గుర్తొస్తుంది? సాహు, అల్లం రాజయ్య రాసిన ‘కొమురం భీము’ను మనం చదువుతాం, చదవాలి కూడా. మహాశ్వేతాదేవి బిర్సా ముండా మీద రాసిన నవలను చదువుతాం. వాళ్లు ఆదివాసులు కారని పక్కన పెట్టం. అట్లాగే మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ కథలను పట్నం పాఠకులూ చదవాలి. మలయాళంలో నారాయణ్ అనే మలఅరయ తెగ రచయిత ‘కొచ్చరేతి’ నవల రాశాడు. అది 1998లో వచ్చింది. తన జనం గురించి బయటివాళ్లు రాసింది చదివి ఊరుకోలేక కలం పట్టినవాడు ఆయన. చదవడం అంతదూరం తీసుకెళ్తుంది మనిషిని.

మనలో మనం అనుకోవాల్సిన మాట కూడా ఒకటుంది. రిజర్వేషన్ల దగ్గర లంబాడీలూ ఆదివాసులూ ఒకరి మీద ఒకరు గొంతు చించుకుంటున్నారు. లంబాడీ యువకుల్లో ఎంతమంది గోండుల, కోయల గురించి ఒక్క పుస్తకం చదివారు? గోండు యువకుల్లో ఎంతమంది ఒక్క బంజారా కథ చదివారు? పుస్తకాలు చదివితే తగాదా తీరిపోతుందని నేననను. కానీ ఎదుటివాడి ఇల్లు చూడకుండా వాడి మీద ఫిర్యాదు రాయడం మాత్రం ఆగుతుంది.

“నైట్ షిఫ్టు చేసి వచ్చి కథలు చదవాల్నా? కథలు చదివితే కొలువొస్తదా?” అని మా తమ్ముడు వరసైన పిల్లవాడు అడిగాడు. రాదు తమ్మీ. అబద్ధం చెప్పను. బిట్ బ్యాంకు చదువు, కొలువు తెచ్చుకో. కానీ బిట్ బ్యాంకులో మన గురించి ఉండేది ఒక మార్కు ప్రశ్న. తీజ్ ఏ తెగ పండుగ? నాలుగింట్లో ఒకటి టిక్కు పెట్టాలి. మొలకల బుట్ట నెత్తిన పెట్టుకొని నడిచిన మీ అక్క ఆ నాలుగు జవాబుల్లో ఎక్కడుంది? వారానికి ఒక్క కథ చదువు. బస్సులో ఇరవై నిమిషాలు చాలు.

ఇక పుస్తకాలు ఎక్కడివి అన్న ప్రశ్న. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, పన్ను రూపాయికి 8 పైసలు. ఆ పైసలు ఎటు పోతున్నాయి, మా తండాకు ఒక్క బీరువా పుస్తకాలు ఎందుకు రావు అని గ్రామసభలో లేచి అడగాలి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లకు కూడా ఎవరూ పిలిచి ఇవ్వలేదు. కావాలనుకున్నారు, పెట్టుకున్నారు.

ఈసారి సభలో ఎవరన్నా “ఏం చదువుతున్నారు?” అని అడిగితే తల దించుకోవద్దు. “కరెంట్ అఫైర్స్, దాంతోపాటు ఢావ్లో” అని చెప్పండి. వెంటనే తిరిగి అడగండి: “మా పుస్తకాల్లో మీరేం చదివారు సార్?”

ఆయన బోర్డు వైపు తిరిగితే నవ్వకండి. బ్యాగులోంచి పుస్తకం తీసి చేతిలో పెట్టండి.