తెలుగు సారుకు సోషల్ బిట్లా?

తెలుగు సారు పొద్దంతా బడిల పాఠం చెప్పి, పొద్దుగూకినంక ఏం చదువాలె? కొత్తగా వచ్చిన కథల పుస్తకం చదువాలె. పిల్లలు రాసిన వ్యాసాలు దిద్దాలె. ఇయ్యాల ఆయన ఏం చదువుతున్నడు? అక్షాంశాలు, రేఖాంశాలు! మొగల్ రాజుల వరుస!

ఇదంతా టెట్ పుణ్యం. సర్వీసు ఐదేండ్లకు మించి మిగిలి ఉన్న టీచర్లు రెండేండ్లల్ల టెట్ పాసు కావాలెనని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాకుంటే కొలువుకే ఎసరు. తెలంగాణ టెట్ రెండో పేపర్ 150 మార్కులు. శిశు వికాసానికి 30, మొదటి భాషకు 30, ఇంగ్లిష్‌కు 30. మిగిలిన 60 మార్కులు లెక్కలు-సైన్సుకు, లేకుంటే సోషల్‌కు. తెలుగు, హిందీ, ఉర్దూ పండితులు కూడా ఈ రెండిట్ల ఒకటి ఎంచుకోవాల్సిందే. ఇరవై ఏండ్ల సంది చెప్తున్న భాషకు 30, ఏనాడూ చెప్పని సబ్జెక్టుకు 60! ఇదేం లెక్క? ఆంధ్రప్రదేశ్ టెట్‌ల భాషా పండితులకు ఆ 60 మార్కులు భాషలనే పెట్టిన్రు. అక్కడ అయింది మన దగ్గర ఎందుకు కాదు?

మేం పరీక్షలకు వ్యతిరేకం కాదు. సారుకు సబ్జెక్టు రావాలె. వచ్చిందా లేదా చూడాలె. కాని నాలుగు జవాబులల్ల ఒకటి ఏరుడుతోని తేలేదేంది? సమాసం పేరు తేలుతది. పాఠం చెప్పే తీరు తేలుతదా? పిల్ల లేచి ‘అవ్వ బాయికాడికి వోయింది’ అంటది. తప్పని కొట్టెయ్యాల్నా? ఆ మాటనే పట్టుకొని పుస్తకం మాటకు తొవ్వ చూపాల్నా? భాష చెప్పేటోనికి అసలు పరీక్ష అది. అది ఏ బిట్టుల పడుతది?

కొలువుల ఉన్నోళ్లకు ఇచ్చే శిక్షణ కూడా ఇదే బాట పట్టింది. 2021ల కేంద్రం నిపుణ్ భారత్ తెచ్చింది. 2022ల మన రాష్ట్రం తొలిమెట్టు తెచ్చింది. పిల్లలకు చదువుడు రావాలెనన్న ఉద్దేశం మంచిదే, కాదనం. కాని మూడో తరగతి పిల్ల నిమిషానికి 60 మాటలు చదువాలెనని గురి పెట్టిన్రు. ఇగ చూడున్రి! మండల కేంద్రంల ఒక శిక్షణకు మేమూ పోయి కూసున్నం. పొద్దటి సంది ఫారాలు నింపుడు, పిల్లలకు గ్రేడు వేసుడు, యాప్‌ల ఎక్కించుడు. సాయంత్రం దాక ఒక్క కథ చదివినోళ్లు లేరు, ఒక్క పేజీ రాసినోళ్లు లేరు.

‘చదువుకుంటున్నవాళ్లందరికి’ అనేది తెలుగుల ఒక్కటే మాట. దాన్ని విడగొట్టుకొని, అర్థం చేసుకొని, ‘ఇదేంది సార్?’ అని అడిగిన పిల్ల గడియారం ముందట ఓడిపోతది. గడగడ చదివి ఏమీ తెల్వని పిల్ల గెలుస్తది!

పరీక్షల లేనిది శిక్షణల ఉండదు. శిక్షణల లేనిది బడిల ఉండదు. అసలు దెబ్బ ఇక్కడ తగులుతున్నది. ఆ దెబ్బ తినేది సర్కారు బడికి వచ్చే పేదోని బిడ్డ.

మేం అడిగేది రెండే. టెట్‌ల భాషా పండితులకు భాషనే పరీక్ష పెట్టున్రి. శిక్షణల సారుతోని చదివించున్రి, రాయించున్రి, పిల్లల రాతలు ముందటేసుకొని మాట్లాడించున్రి. ఉపాధ్యాయ సంఘాలల్లారా, పీఆర్సీ కోసం లేసిన గొంతు దీనికోసం లేవదా? సారు చదువు బిట్లకాడ ఆగితే, పిల్లల చదువు గూడ ఆడనే ఆగుతది!